షెడ్డు ఆర్నాల్డ్ కారుకి వచ్చిన పరీక్ష

మా బ్రాక్‌షా ఊళ్లో ఆర్నాల్డ్ టాటర్సాల్ పేరు చెబితే మనుషుల కంటే ముందు కార్లు వణికేవి. ముప్ఫై ఒక్క ఏళ్లపాటు మునిసిపాలిటీ షెడ్డులో కార్లకు ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష చేసింది అతనే. పొట్టి మనిషి. చేతిలో టార్చిలైటు, చెవి వెనక పెన్సిలు, ముఖాన నవ్వు అనేది మచ్చుకైనా ఉండదు. కారు కిందికి దూరి ఒక్కో బోల్టునీ తట్టి చూసేవాడు. పైన నిలబడ్డ యజమానికి ఆ తట్టుడు గుండెలో వినిపించేది.

ఆ షెడ్డు అసలు చెత్త లారీలకీ, స్కూలు బస్సులకీ, టాక్సీలకీ కట్టింది. కానీ ఎవరు కారు తెచ్చినా కాదనకూడదని చట్టం. ఆ సంగతి తెలిపే బోర్డు పోస్టుకార్డంత ఉంటుంది, అదీ చెత్తడబ్బాల వెనక. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పరు. ఎందుకంటే అంత చవగ్గా, అంత నికార్సుగా పరీక్ష చేసే చోటు చుట్టుపక్కల మరొకటి లేదు. మెయిన్ రోడ్డు మీద గ్యారేజీలు 'సగం ధరకే పరీక్ష' అని పెద్ద గుడ్డ కడతాయి. లోపలికి వెళ్లిన కారుకి బ్రేకులు అరిగాయంటారు, స్ప్రింగు విరిగిందంటారు, మిగిలిన సగంతో పాటు ఇంకో నాలుగింతలు వసూలు చేసుకునిగానీ బయటికి పంపరు. మునిసిపాలిటీ షెడ్డులో రిపేర్లు చెయ్యరు. కారు ఫెయిలైతే వాళ్లకొచ్చే లాభం ఏమీ లేదు. కాబట్టి అక్కడ ఫెయిలంటే నిజంగా ఫెయిలే, పాసంటే నిజంగా పాసే. ఆ షెడ్డుకి ఉన్న ఇబ్బంది ఒక్కటే, ఆర్నాల్డ్.

చర్చి ఫాదర్ కారు హారన్ గొంతు జీరబోయిందని ఫెయిల్ చేశాడు. ఆదివారం ప్రార్థనలో ఆయన క్షమాగుణం గురించి మాట్లాడుతూ మూడో వరసలో కూర్చున్న ఆర్నాల్డ్ వంకే చూశాడని చెప్పుకుంటారు. మేయరు కారుకి నంబరు ప్లేటు మీద బల్బు వెలగడం లేదని ఫెయిల్ చేశాడు. చిప్స్ దుకాణం ఆవిడ కారు టైరు అరిగిందని ఫెయిల్ చేసి, అదే సాయంత్రం ఆమె దుకాణంలోనే చేపా చిప్స్ కొనుక్కోవడానికి వెళ్లాడు. ఆవిడ పొట్లంలో అన్నీ మాడినవే ఏరి వేసింది. ఆర్నాల్డ్ వాటిని మారు మాట్లాడకుండా తిన్నాడు. సొంత భార్య బెరిల్ కారునే రెండుసార్లు ఫెయిల్ చేసినవాడికి మాడిన చిప్స్ ఒక లెక్కా?

ఎవరేమన్నా ఆర్నాల్డ్ దగ్గర ఒకటే జవాబు. టార్చిలైటు ఆర్పి, గోడకు వేలాడే నల్ల అట్ట పుస్తకం వైపు గడ్డంతో చూపించి, "నాదేం లేదండీ, పుస్తకంలో అలా ఉంది" అనేవాడు. ఊళ్లో పిల్లలు కూడా హోంవర్కు చెయ్యకపోతే ఇదే మాట అప్పజెప్పేవాళ్లు.

ఇంతమందిని ఏడిపించినా ఊరు అతన్ని తిట్టుకుంటూనే మళ్లీ అతని దగ్గరికే వచ్చేది. రాని మనిషి ఒక్కడే, సెల్విన్ క్లెగ్. బెరిల్‌కి సొంత తమ్ముడు. ఆర్నాల్డ్‌కి బావమరిది.

సెల్విన్‌కి పావురాల పిచ్చి. పెరట్లో చెక్కలతో గూడు కట్టి నలభై పావురాలను పెంచుతాడు. పంతొమ్మిదేళ్ల కిందట వాటిలో డచెస్ అనే పెట్ట ఒకటి ఉండేది. బూడిద రంగు ఒళ్లు, మెడ మీద నెమలి మెరుపు. దాన్ని బ్లాక్‌పూల్‌లో జనవరిలో జరిగే పావురాల ప్రదర్శనకు తీసుకెళ్తే మొదటి బహుమతి ఖాయమని పోటీదారులే ఒప్పుకున్నారు. ప్రదర్శన శనివారం. సెల్విన్ తన డొక్కు వ్యానుని పరీక్షకు తెచ్చింది శుక్రవారం పొద్దున. పాత సర్టిఫికెట్టు ఆ రాత్రితో చెల్లిపోతుంది. సర్టిఫికెట్టు లేకుండా రోడ్డెక్కితే ఇన్సూరెన్సు పనికిరాదు, పోలీసు పట్టుకుంటే వ్యాను లాగేసుకుంటాడు.

ఆ పొద్దున ఎముకలు కొరికే మంచు. వ్యానులో అన్నీ బాగానే ఉన్నాయి. ఆఖరున ముందద్దం మీదికి నీళ్లు చిమ్మే మీట నొక్కితే చుక్క రాలేదు. గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయి. అద్దానికి నీళ్లు చిమ్మకపోతే ఫెయిలని పుస్తకంలో ఉంది. సెల్విన్ బతిమాలాడు. "మంచు బావా, అంతే. పదింటికల్లా కరుగుతుంది" అన్నాడు. ఆర్నాల్డ్ తన మాట తను చెప్పి, ఫెయిల్ కాగితం చేతిలో పెట్టాడు. చలికాలంలో వట్టి నీళ్లు కాదు, గడ్డకట్టని నీలం ద్రావకం పొయ్యాలని ఉచిత సలహా కూడా ఇచ్చాడు. సెల్విన్ వ్యానుని ముంగిట పెట్టి, జనం నిలబడి పరీక్ష చూడడానికని ఏర్పాటు చేసిన గాజు కిటికీ దగ్గర, బావ మళ్లీ పిలుస్తాడేమోనని సాయంత్రం దాకా నిలబడ్డాడు. ఆర్నాల్డ్ టాక్సీల వరస ముగించుకుని, నాలుగింటికి షెడ్డుకి తాళం వేసి ఇంటికి పోయాడు.

డచెస్ బ్లాక్‌పూల్ మొహం చూడకుండానే ఆ వేసవిలో చచ్చిపోయింది. బావ చేసింది తప్పని బావ నోటితోనే వినేదాకా ప్రదర్శనలో కాలు పెట్టనని సెల్విన్ ఒట్టు పెట్టుకున్నాడు. ప్రతి ఏడూ రుసుము కట్టి పేరు రాయిస్తాడు. ప్రతి ఏడూ వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటాడు. ఈ పంతొమ్మిదేళ్లలో ఆర్నాల్డ్‌ని బావా అని పిలవలేదు. ఆర్నాల్డ్ ప్రస్తావన తప్పనిసరైతే 'మా అక్క కట్టుకున్నాయన' అంటాడు. క్రిస్మస్‌కి బెరిల్ ఇద్దరి దగ్గరా రెండు భోజనాలు తిని, రెండు రోజులు కడుపు పట్టుకుని పడుకుంటుంది.

కిందటి జూన్‌లో ఆర్నాల్డ్ రిటైరయ్యాడు. టార్చిలైటుకి బంగారు రంగు పూసి బహుమతిగా ఇచ్చారు. చప్పట్లు కొంచెం గట్టిగానే కొట్టారు, అభిమానంతోనో పీడ విరగడైనందుకో తెలియదు. అతని కుర్చీలోకి తస్నీమ్ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల, ఆరేళ్లు అతని చేతి కింద పని నేర్చుకుంది. మెతకదానిలా ఉంటుందని టాక్సీవాళ్లు సంబరపడ్డారు. మొదటి వారంలోనే ఏడు టాక్సీలు ఫెయిలయ్యాక సంబరం సద్దుమణిగింది. అక్టోబరులో, ఆర్నాల్డ్ లేడని రూఢి చేసుకుని, సెల్విన్ కూడా తన వ్యానుని మళ్లీ షెడ్డుకి తెచ్చాడు.

ఇక జనవరి వచ్చింది. ఆర్నాల్డ్ సొంత కారుకి పరీక్ష గడువు వచ్చింది.

ఆ కారు ముదురు గోధుమ రంగుది, ఇరవై నాలుగేళ్ల నాటిది. సీట్ల కుట్లని టూత్‌బ్రష్షుతో తోముతాడు. కొన్న దగ్గర్నుంచి దాన్ని ప్రతి ఏడూ తనే, తన షెడ్డులోనే పరీక్షించాడు. అలా చెయ్యకూడదని పుస్తకంలో లేదు. ఒక్కసారైనా ఫెయిల్ కాలేదు సరికదా, 'ఫలానాది త్వరలో చూసుకోండి' అనే చిన్న గమనిక కూడా ఎప్పుడూ పడలేదు. ఆ సర్టిఫికెట్లన్నీ ఇంట్లో మెట్ల పక్క గోడకి ఫ్రేములు కట్టించి ఉన్నాయి. పెళ్లి ఫొటో ఒకప్పుడు అక్కడే ఉండేది. చోటు చాలక వంటింట్లోకి మారింది.

ఈసారి గడువు శుక్రవారంతో ముగుస్తుంది. నెల ముందే చేయించుకోవచ్చు. కానీ ఆర్నాల్డ్ ఎప్పుడూ ఆఖరి రోజే చేస్తాడు. ముందే తెచ్చేవాళ్లంతా తమ కారు మీద తమకే నమ్మకం లేనివాళ్లని అతని అభిప్రాయం. మర్నాడు శనివారానికి అతనికి పెళ్లయి నలభై ఏళ్లు. జనవరిలో హాలు అద్దె తక్కువని జనవరిలో పెళ్లి చేసుకున్న మనిషి, నలభై ఏళ్లకి ఒక్కసారి పిసినారితనం వదిలి, బ్లాక్‌పూల్‌లో సముద్రం ఎదురుగా గది తీసుకున్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వరు. కారు పాసైతే బెరిల్ సముద్రం చూస్తుంది. కాకపోతే వంటింట్లో పెళ్లి ఫొటో చూస్తుంది.

బెరిల్ పేపర్లోంచి ఒక కూపను కత్తిరించి చూపించింది. మెయిన్ రోడ్డు గ్యారేజీలో సగం ధరేనట. ఆర్నాల్డ్ ఆ కూపనుతో కళ్లజోడు తుడుచుకున్నాడు. వాళ్ల దగ్గరికి పసిపిల్లల తోపుడుబండి తీసుకెళ్లినా బ్రేకులు అరిగాయంటారని చెప్పాడు. పరీక్ష షెడ్డులోనే జరగాలి. కాకపోతే ఆ సంగతి ఊరికి తెలియకూడదు.

"నా పేరు చెబితే ఊరంతా ఆ కిటికీకి అతుక్కుంటుంది. వేరే ఏదైనా పేరు మీద బుక్ చెయ్యి" అన్నాడు.

"పుట్టింటి పేరు ఇస్తాలే, క్లెగ్ అని. మిసెస్ క్లెగ్ ఎవరని ఎవరికి గుర్తొస్తుంది?" అంది బెరిల్.

ఆర్నాల్డ్‌కి ఆ ఉపాయం తెగ నచ్చింది. పెళ్లాం బుర్రని నలభై ఏళ్లుగా తక్కువ అంచనా వేశానేమో అనుకున్నాడు. ఆ అనుమానం నిజమని తేలడానికి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ నాలుగు రోజులూ అతను కారు మీద చేసిన సేవ ఆసుపత్రిలో కూడా జరగదు. చక్రాలు విప్పి కడిగాడు. బ్రేకు గొట్టాలు పాతగుడ్డతో తుడిచాడు. అన్ని బల్బులూ రెండేసిసార్లు వెలిగించాడు. అద్దం నీళ్ల డబ్బాలో పంపు నీళ్లు నిండుగా పోశాడు. నీలం ద్రావకం ఊరందరికీ చెప్పిన మాటేగానీ, తను ఏనాడూ కొన్నది లేదు. ఎప్పుడూ గడ్డకట్టలేదు కాబట్టి అవసరం పడలేదు. గురువారం సాయంత్రం వినిగరూ, పాత పేపరూ పెట్టి ముందద్దాన్ని తుడిస్తే, వీధి దీపాలు అందులో తల దువ్వుకునేలా మెరిసింది. ఆ రాత్రి కారు ఇంటి ముందు వీధిలో నిలబడి ఉంది.

శుక్రవారం పొద్దున వీధి వీధంతా తెల్లగా ఉంది. ఆర్నాల్డ్ అద్దాల మీది మంచుని నెమ్మదిగా గీకి, హారన్ కొట్టి చూశాడు, లైట్లు చూశాడు, టైర్లలో గాలి చూశాడు. అద్దం మీద నీళ్లు మాత్రం చిమ్మి చూడలేదు. అంత కష్టపడి తుడిచిన అద్దం మీద చారలు పడతాయని. బెరిల్ ఊలు సంచితో పక్కన కూర్చుంది. షెడ్డు రెండు వీధుల అవతలే. ఇంజను వెచ్చబడే లోపే చేరిపోయారు.

షెడ్డు మలుపు తిరగ్గానే ఆర్నాల్డ్ కాలు బ్రేకు మీద పడింది. గాజు కిటికీ వెనక గది కిటకిటలాడుతోంది. ఫాదర్ ఉన్నాడు. చిప్స్ దుకాణం ఆవిడ మడత కుర్చీ తెచ్చుకుంది. పరీక్షకు టాక్సీలు తెచ్చిన డ్రైవర్లు వాటిని వరసలో వదిలేసి లోపల చేరారు. అందరికన్నా ముందు, గాజుకి ముక్కు ఆనేంత దగ్గరగా, చంకలో పెద్ద ఫ్లాస్కుతో సెల్విన్ క్లెగ్ నిలబడ్డాడు.

ఇదెలా జరిగిందంటే, షెడ్డు ఆఫీసులో కూర్చునే డెనిస్ దగ్గర క్లెగ్ అనే పేరుతో ఒకటే ఫోను నంబరు ఉంది. అది సెల్విన్ అక్టోబరులో ఇచ్చి వెళ్లింది. రేపు ఎనిమిదిన్నరకి మీ కారు పరీక్ష అని, కారు నంబరుతో సహా, ముందురోజు ఆ ఫోనుకి సందేశం వెళ్లింది. ఆ కారు నంబరు సెల్విన్‌కి కంఠతా వచ్చు. పంతొమ్మిదేళ్లుగా ఆ కారు ఎదురైతే పక్కకి తిరుగుతున్నాడు మరి. సాయంత్రానికల్లా ఆ సందేశాన్ని పబ్బులో ప్రతి బల్ల దగ్గరా చదివి వినిపించాడు. ఫెయిలవుతాడని ఫాదర్ కూడా ఒక గ్లాసు బీరు పందెం కాశాడట. నేను చూడలేదు, విన్నాను.

తస్నీమ్ చెవి వెనక పెన్సిలుతో బయటికి వచ్చి, కారునీ మనిషినీ చూసి, ఏమీ ఎరగనట్టు, "మిసెస్ క్లెగ్?" అని అడిగింది.

"కానివ్వమ్మా" అన్నాడు ఆర్నాల్డ్ నేల చూపులు చూస్తూ.

పరీక్ష మొదలైంది. లైట్లు వెలిగాయి. హారన్ మోగితే ఫాదర్ ఒక్కడే ముఖం చిట్లించాడు. తస్నీమ్ టైర్లని వేలితో తడిమింది. రోలర్ల మీద బ్రేకులు పట్టి చూసింది. కారుని లిఫ్టు మీద పైకెత్తి, టార్చిలైటుతో ఒక్కో బోల్టునీ తట్టింది. ఇవతల నిలబడ్డ ఆర్నాల్డ్‌కి ఆ తట్టుడు గుండెలో వినిపించింది. ఇన్నేళ్లూ జనం ఎందుకలా నీళ్లు నమిలేవారో అప్పుడు అర్థమైంది. కానీ కారు కింద ఒక్క తుప్పు మచ్చ లేదు. సైలెన్సర్ గుసగుసలాడుతోంది. కిటికీ వెనక ముఖాలు వాడిపోయాయి. ఆర్నాల్డ్ నడుము నిటారుగా అయింది. చిప్స్ ఆవిడ వైపు తిరిగి చిన్నగా తల కూడా ఊపాడు.

లిఫ్టు కిందికి దిగింది. తస్నీమ్ అతన్ని స్టీరింగు ముందు కూర్చోమంది.

"వైపర్లు వెయ్యండి. అద్దం మీద నీళ్లు కొట్టండి."

ఆర్నాల్డ్ మీట లాగాడు. ఎక్కడో లోపల మోటారు గుర్రుమంది. అద్దం మీద చుక్క పడలేదు. వైపర్లు పొడి అద్దం మీద కీచుమంటూ అటూ ఇటూ తిరిగాయి. మళ్లీ లాగాడు. మళ్లీ గుర్రు. గాజు వెనక ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

ఆర్నాల్డ్ కారు దిగి, బానెట్టు మీది సన్నటి రంధ్రాన్ని వేలితో తాకాడు. రాయిలా ఉంది.

"మంచమ్మా, అంతే. పదింటికల్లా కరుగుతుంది" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే వినబడింది. ఇంతకు ముందు అది ఎవరి నోట విన్నాడో గుర్తొచ్చింది. తల తిప్పకుండానే, గాజు వెనక ఒక మనిషి తన వీపునే చూస్తున్నాడని తెలిసింది.

ఇరవైసార్లకు పైగా ఈ కారు ఈ షెడ్డులోనే జనవరి చలిలో పరీక్షకు నిలబడింది. ఒక్కసారైనా ఎందుకు గడ్డకట్టలేదు? జవాబు ఎదురుగా గోడకే ఉంది, బాయిలరు. తాళాలు తన దగ్గరే ఉండేవి. పరీక్ష ముందురోజు సాయంత్రం కారుని ఆ వెచ్చటి గోడ పక్కన పెట్టి, తను నడిచి ఇంటికి పోయేవాడు. అది ఒక వెసులుబాటని ఏనాడూ తట్టలేదు. అలవాటనుకున్నాడు. ఊరి కార్లన్నీ మంచులో పడుకుని పరీక్షకు వచ్చేవి. తన కారు బాయిలరు పక్కన దుప్పటి కప్పుకుని వచ్చేది. ముప్ఫై ఒక్క ఏళ్లు నిక్కచ్చి మనిషినని విర్రవీగినవాడికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తస్నీమ్ టార్చిలైటు ఆర్పింది. గడ్డంతో గోడ వైపు చూపించింది. "నాదేం లేదండీ" అని మొదలుపెట్టగానే, గాజు వెనక గదంతా గొంతు కలిపి, "పుస్తకంలో అలా ఉంది" అని పూర్తి చేసింది. ఫాదర్ గొంతు అన్నిటికన్నా పైన వినబడింది. అప్పుడు పగిలింది నవ్వు. గాజు గడగడలాడింది.

సెల్విన్ మాత్రం నవ్వలేదు. ఆర్నాల్డ్ అది చూశాడు. నవ్వి ఉంటే బాగుండుననుకున్నాడు.

నవ్వులు తగ్గాక తస్నీమ్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "పుస్తకంలో ఇంకోటి కూడా ఉంది కదా ఆర్నాల్డ్ గారూ. ఇలాంటి చిన్నవాటికి, బాగు చేసి తెస్తే, అదే రోజు రుసుము లేకుండా మళ్లీ చూడొచ్చని. మీరే నేర్పారు" అంది.

"టాక్సీల వరస ఉంది. నీకు ఖాళీ ఎక్కడ?"

"పదింటికి టీకి పది నిమిషాలు ఆపుతాను. రెండు నిమిషాల పనేగా. మీరైతే ఏం చేసేవారు?"

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. ఆర్నాల్డ్ అప్పుడు ఏం చేశాడో ఈ ఊళ్లో ఇద్దరికే తెలుసు. అందులో రెండోవాడు గాజు అవతల ఉన్నాడు.

ఆర్నాల్డ్ షెడ్డు దాటి, పక్క తలుపు తోసుకుని గదిలోకి వెళ్లాడు. జనం దారిచ్చారు. సెల్విన్ ఎదుట నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సెల్విన్, ఆ రోజు మంచు కరిగింది. పదింటికే కరిగింది. నీ వ్యాను బానెట్టు మీంచి నీళ్లు కారుతుంటే నేను చూశాను. టీకి ఆపిన ఆ పది నిమిషాలూ నాకు ఖాళీయే. అదిగో ఆ బెంచీ మీద కూర్చుని, చీజ్ శాండ్‌విచ్ తింటున్నాను. పుస్తకంలో మళ్లీ చూడొద్దని లేదు. చూడాలనిపించలేదు, అంతే. బావమరిదికి చేశాడంటారని చెయ్యలేదు. తప్పు నాది."

చిప్స్ ఆవిడ ముక్కు చీదుకుంది. సెల్విన్ గొంతు సవరించుకున్నాడు.

"తెలుసు. ఈ గాజులోంచి నేనూ చూశాను. రెండు శాండ్‌విచ్‌లు తిన్నావు. ఉల్లిపాయ కూడా పెట్టింది మా అక్క."

"ఉల్లిపాయ ఉంది" అని ఒప్పుకున్నాడు ఆర్నాల్డ్.

సెల్విన్ చంకలోని ఫ్లాస్కుని చూసుకున్నాడు. బావ ఫెయిలవుతుంటే నింపాదిగా తాగుతూ చూద్దామని తెచ్చుకున్న టీ అది. నిన్న సాయంత్రం నుంచి కలలుగన్న టీ. పెద్దగా నిట్టూర్చి, ఆర్నాల్డ్‌ని పక్కకి జరిపి, సరాసరి షెడ్డులోకి నడిచి, బానెట్టు ఎత్తి, పొగలు కక్కే టీని ఆ సన్నటి గొట్టం మీదా రంధ్రాల మీదా ధారగా పోశాడు. "పంచదార వెయ్యలేదులే, జిగురు పట్టదు" అన్నాడు ఎవరితోనూ కాకుండా. ఫ్లాస్కు మూత చుట్టూ కట్టుకున్న ఊలు మఫ్లరు విప్పి గొట్టానికి చుట్టాడు.

పదింటికి తస్నీమ్ తన టీ కప్పు బెంచీ మీద పెట్టి వచ్చింది. ఆర్నాల్డ్ మీట లాగాడు. మోటారు గుర్రుమంది, దగ్గింది, ఆ తర్వాత రెండు ధారలు అద్దాన్ని దాటి ఎగిరి, చూద్దామని షెడ్డులోకి వచ్చి ముందుకి వంగిన ఫాదర్ ముఖం మీద పడ్డాయి. ఊరు మళ్లీ నవ్వింది. ఈసారి సెల్విన్ కూడా నవ్వాడు. వినిగరుతో తుడిచిన అద్దం మీద టీ మరకలు చారలు చారలుగా దిగాయి. ఆర్నాల్డ్ వాటి వంక చూడనే లేదు.

సర్టిఫికెట్టు వచ్చింది. పాసే. అడుగున మాత్రం, ఆ కారు జన్మలో మొదటి గమనిక అచ్చయి ఉంది: 'అద్దం నీళ్లలో చలికాలం ద్రావకం కలపవలెను.' తస్నీమ్ అది తీసెయ్యమంటారేమోనని చూసింది. ఆర్నాల్డ్ రెండుసార్లు చదువుకుని, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పందెం సంగతి ఎటూ తేలలేదు. ఫెయిలయ్యాడా, పాసయ్యాడా? ఆ గ్లాసు బీరు ఎవరికి రావాలో పబ్బులో ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

బెరిల్ ఇంతసేపూ డెనిస్ పక్కన కూర్చుని ఊలు అల్లుతూనే ఉంది. బుక్ చేసేటప్పుడు, క్లెగ్ పేరు మీద ఉన్న పాత నంబరే ఉంచనా అని డెనిస్ అడిగిందనీ, అది తమ్ముడిదని తెలిసే ఉంచమని తనే చెప్పిందనీ ఇప్పుడు తీరిగ్గా బయటపెట్టింది.

ముంగిట్లో సెల్విన్ ఖాళీ ఫ్లాస్కుని చంకలో పెట్టుకుని బయల్దేరబోతున్నాడు. ఆర్నాల్డ్ కారు పక్కన నిలబడి, నున్నగా తోమిన వెనక సీటు వైపు చూశాడు.

"రేపు బ్లాక్‌పూల్ వెళ్తున్నాం. రేపటి ప్రదర్శనకి ఈ ఏడు కూడా పేరు రాయించే ఉంటావుగా?"

"రాయించాను. డచెస్ మనవరాలికి మనవరాలు. అచ్చం అదే మెడ."

"వెనక సీటు ఖాళీయే. నువ్వూ, బుట్టా పడతారు."

సెల్విన్ కారు కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. టూత్‌బ్రష్షుతో తోమిన కుట్లని వేలితో ఒకసారి రాశాడు.

"దారి పొడుగునా సీటు మీద రెట్ట వేస్తుంది బావా."

బావా అన్న మాట విని బెరిల్ అల్లిక ఆపింది. ఆర్నాల్డ్ టోపీ తల మీద పెట్టుకుని, వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"వెయ్యనీ. దాని గురించి పుస్తకంలో ఏమీ లేదు."